గోరంత ప్రతిమ... కొండంత ప్రమాణం

శ్రావణ శుద్ధ పంచమి దగ్గర పడుతున్నదంటే సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోని వెండి అంగళ్లలో, గాజు పలకల కింద ఒక చిన్న లోకం వెలుస్తుంది. చిటికెన వేలంత నాగపడగలు, ఒకదానినొకటి పెనవేసుకున్న జంట నాగులు, దూడను దగ్గరకు తీసుకున్న గోవులు, గోరంత నందులు. వాటి పక్కనే కళ్లు, కోరమీసాలు, పాదాలు, బుల్లి ఊయలలు. గృహిణులు వచ్చి తూకం వేయించి, కొంగున దాచుకొన్న డబ్బు లెక్కించి ఇచ్చి, ఆ ప్రతిమను పసుపు గుడ్డలో ముడుపు కట్టుకొని వెళ్తారు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు అలా వెళ్లినవారే అయి ఉంటారు.

ఆస్తిక మహాశయులారా! ఆ ముడి విప్పి, స్వామి పాదాల చెంత ఆ వెండి నాగును ఉంచిన క్షణాన మనం నిజంగా ఏమి సమర్పించినట్టు? అర తులం వెండినా? అర తులం వెండితో పరమేశ్వరునికి ఒరిగేదేమున్నది? సమస్త లోకాలూ ఆయనవే అయినప్పుడు ఆ వెండి మాత్రం మనది ఎలా అవుతుంది? అయినా తరతరాలుగా మన పెద్దలు ఈ ఆచారాన్ని పాటించారంటే, త్రాసుకు అందని మరొకటేదో అందులో ఉండి తీరాలి. అదేమిటో ఈ వారం కలిసి ఆలోచిద్దాం.

గర్భగుడి ముందు నిలిచిన ఈ నలభై ఏళ్లలో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "స్వామీ, ఎంత బరువుది వేయాలి?" ప్రతిమ అర్థమేమిటని అడిగినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మంది. తప్పు అడిగినవారిది కాదు. చెప్పవలసిన మేము చెప్పలేదు.

సముద్రాలకు ఆవల ఒక చిన్న లామా

ఇది మన దేశానికే పరిమితమైన ఆచారమని అనుకోకండి. భూగోళానికి అటువైపున, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో ఇంకా అనే జాతి 15వ శతాబ్దంలో మహాసామ్రాజ్యాన్ని స్థాపించింది. వారు సూర్యోపాసకులు. బంగారాన్ని సూర్యునికీ, వెండిని చంద్రునికీ చెందిన లోహాలుగా భావించారు. వారి బ్రతుకంతా లామా అనే జంతువుతో ముడిపడి ఉండేది. ఒంటె జాతికి చెంది, మూపురం లేకుండా, ఒళ్లంతా ఉన్నితో ఉండే ఆ జంతువు వారి బరువులు మోసింది, బట్టకు ఉన్ని ఇచ్చింది. మనకు గోవు ఎలాగో వారికి లామా అలాగ.

ఆ లామాను వారు బంగారంతో, వెండితో, ఎర్రని సముద్రపు గవ్వ చిప్పతో బొమ్మలుగా చేసి దేవతలకు సమర్పించేవారు. కొన్నింటిని పోత పోసేవారు. కొన్నింటిని పలుచని రేకును సుత్తితో మలచి, అతుకులు పెట్టి, లోపల బోలుగా చేసేవారు. మన కంసాలి అచ్చు మీద రేకు పరచి నాగపడగను తీర్చే పనికి అది దూరపు చుట్టమే. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అలాంటి బంగారు లామా ఒకటి ఉన్నది. అరచేతిలో ఇమిడిపోయేంతటి బొమ్మ అది.

ఈ బొమ్మలను వారు ఆలయంలో నలుగురికీ కనబడేట్టు పెట్టలేదు. మంచు శిఖరాల మీద పాతిపెట్టారు, సరస్సు అడుగున విడిచారు. పెరూ, బొలీవియా దేశాల నడుమ సముద్ర మట్టానికి 3,800 మీటర్ల ఎత్తున టిటికాకా అనే మహాసరస్సు ఉన్నది. ఆ నీటి అడుగున దొరికిన ఒక రాతి పెట్టె విశేషాలను 2020లో పురాతత్త్వ శాస్త్రవేత్తలు ప్రకటించారు. దానిలో ఉన్నవి రెండే వస్తువులు: గవ్వ చిప్పతో చెక్కిన, మూడు సెంటీమీటర్లయినా లేని లామా బొమ్మ, చుట్టగా చుట్టిన చిన్న బంగారు రేకు. దాదాపు అయిదు వందల ఏళ్లు ఆ నివేదన ఎవరి చేతికీ అందకుండా నీటిలో నిలిచి ఉన్నది. ఆ గవ్వ చిప్ప ఆ కొండల్లో దొరికేది కాదు. ఎంతో దూరాన ఉన్న వెచ్చని సముద్రం నుంచి తెచ్చుకున్నది.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటున్నది. ఇంకాల రాజధాని కుస్కోలోని సూర్యాలయంలో నిలువెత్తు బంగారు లామాలు, బంగారు మొక్కజొన్న కంకులు ఉండేవని ఆనాటి స్పెయిన్ చరిత్రకారులు వ్రాశారు. 1532లో వచ్చిన స్పెయిన్ సేనలు ఆ సంపదను దోచి, కరిగించి, కడ్డీలుగా మార్చి ఓడల్లోకి ఎక్కించాయి. చక్రవర్తి గొప్పతనాన్ని చాటిన పెద్ద బొమ్మలు కరిగిపోయాయి. దేవునికి తప్ప మరొకరికి కనబడకూడదని దాచిన చిన్న బొమ్మలు మిగిలాయి. కాలం చేసిన ఈ తీర్పులో మనకొక పాఠం లేదంటారా?

అయితే ఆ కథలో రెండవ పార్శ్వాన్ని దాచిపెట్టడం సత్యం కాదు. 1999లో అర్జెంటీనా సరిహద్దులో, 6,739 మీటర్ల ఎత్తున్న యుయైయాకో అనే శిఖరంపై పరిశోధకులు తవ్వినప్పుడు బంగారు, వెండి బొమ్మలతో పాటు ముగ్గురు పిల్లల దేహాలు బయటపడ్డాయి. మంచులో గడ్డకట్టి, నిద్రపోతున్నట్టే ఉన్నారు. వారు దేవతకు బలిగా అర్పింపబడిన పిల్లలు. అంటే అక్కడ బంగారు లామా ప్రాణానికి బదులుగా నిలువలేదు, ప్రాణం పక్కన అలంకారంగా నిలిచింది. పరులను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. మన గ్రామదేవతల గుడుల చరిత్రలోనూ నెత్తురు మరకలు లేకపోలేదు. ప్రతిమ ప్రాణాన్ని కాపాడుతున్నదా, లేక ప్రాణం తీయడానికి తోడు వస్తున్నదా అన్న ప్రశ్న ఏ దేశంలోనైనా అడగవలసినదేనని గుర్తు చేయడానికే ఇది చెప్పాను.

వేదం చెప్పిన 'ప్రతినిధి'

ఆ ప్రశ్నకు మన వేదం ఏనాడో సమాధానం వెదికింది. ఐతరేయ బ్రాహ్మణంలోనూ, శతపథ బ్రాహ్మణంలోనూ ఒక ఉపాఖ్యానం ఉన్నది. దేవతలు మొదట మనుష్యుని యజ్ఞపశువుగా స్వీకరించారట. అప్పుడు యజ్ఞానికి అర్హమైన సారం, దానినే 'మేధం' అంటారు, మనిషిని విడిచి గుఱ్ఱంలో ప్రవేశించింది. గుఱ్ఱాన్ని స్వీకరించబోతే ఎద్దులోకి, అక్కడి నుంచి గొఱ్ఱెలోకి, గొఱ్ఱె నుంచి మేకలోకి వెళ్లింది. మేక నుంచి భూమిలోకి దిగిపోయింది. దేవతలు భూమిని తవ్వి వెదికితే అది ధాన్యమై దొరికింది. అందుకే బియ్యపు పిండితో చేసిన పురోడాశమే పశువుతో సమానమైన హవిస్సు అయింది. ధాన్యపు నూగే రోమాలు, పొట్టే చర్మం అంటూ ఐతరేయం ఆ పోలికను అంగాంగానా చెబుతుంది.

ఎంత దూరదృష్టి! ప్రాణం నుంచి ధాన్యానికి, కత్తి నుంచి రోకలికి యజ్ఞం నడిచి వచ్చిన దారిని ఒక చిన్న కథలో చెప్పారు. 1975లో కేరళలోని పాంజాళ్ గ్రామంలో అగ్నిచయన మహాక్రతువు జరిగినప్పుడు మేకలకు బదులుగా అరటి ఆకులో చుట్టిన బియ్యపు పిండిని వినియోగించారు. క్రతువు ఆగలేదు, ఒక్క మేక ప్రాణమూ పోలేదు. అదే అగ్నిచయనంలో ఇటుకల చితి అడుగున తామరాకు, దానిపై బంగారు ఫలకం, ఆపై చిన్న బంగారు పురుష ప్రతిమ ఉంచాలని విధి. బంగారు ప్రతిమను భూమిలో నిక్షేపించడం మనకూ క్రొత్త కాదన్నమాట.

ఈ బదులు పద్ధతికి మీమాంసా శాస్త్రం 'ప్రతినిధి' అని పేరు పెట్టింది. జైమిని మహర్షి తన సూత్రాలలో దీనిని ప్రత్యేకంగా విచారించాడు. వ్రీహులు దొరకకపోతే నీవార ధాన్యం, సోమలత దొరకకపోతే పూతీకం. ప్రతినిధి దొరికింది కదా అని దానిని ఎలాగైనా వాడవచ్చునా? వాడకూడదు. అసలు ద్రవ్యానికి ఏ సంస్కారాలు చేస్తామో ప్రతినిధికీ అవే చేయాలి. నీవారాలనూ ప్రోక్షించాలి, దంచాలి, చెరగాలి. ప్రతినిధి అసలు ద్రవ్యపు స్థానంలో కూర్చున్నదంటే, ఆ స్థానపు గౌరవమంతా దానికి వచ్చినట్టే.

ఇప్పుడు వెండి నాగు దగ్గరకు రండి. అది నాగజాతికి ప్రతినిధి. దానికి పసుపు కుంకుమలు పెట్టి, పాలతో అభిషేకించి, చేతులు జోడించామంటే ఆ మర్యాద ఎవరికి చెందినది? ప్రతినిధికి చూపిన గౌరవం అసలుకు చూపకపోతే ఆ ప్రాతినిధ్యానికి అర్థమే లేదు. ఒక రాజ్యపు దూతకు పూలమాల వేసి, ఆ రాజ్యం మీదకు సేనను పంపినట్టే కదా!

రాజుల బంగారు గోవు, కుమ్మరి మట్టి కోడి

మత్స్యపురాణం పదహారు మహాదానాలను పేర్కొన్నది. వాటిలో బంగారు కామధేనువు, బంగారు గుఱ్ఱం, బంగారు గుఱ్ఱాల రథం, బంగారు ఏనుగుల రథం ఉన్నాయి. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజుల మంత్రి హేమాద్రి తన మహాగ్రంథంలోని దానఖండంలో ఈ దానాల విధానాన్ని విస్తరించి చెప్పాడు. తెలుగు నేలను ఏలిన విష్ణుకుండిన మాధవవర్మ ఈ పదహారింటిలో ఒకటైన హిరణ్యగర్భ మహాదానం చేసినట్టు శాసనాలు చాటుతున్నాయి. ఈ దానాలలో ప్రతిమ బంగారమంతా చివరకు పంచిపెట్టవలసిందే. చేయించినవాడు దాచుకోవడానికి వీలు లేదు. అందుకే ఆ బంగారు గోవులు ఈనాడు మనకు కనబడవు. దానం అయిపోయింది కనుక కనబడవు. అదే వాటి గొప్ప.

రాజులకు బంగారం ఉన్నది. మరి లేనివారి మాట? కృష్ణా తీరాన మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర క్షేత్రానికి వెళ్లినవారు అక్కడి స్థలపురాణం వినే ఉంటారు. పుట్టలో వెలసిన స్వామిని స్వప్నాదేశంతో వెలికితీసినవాడు వీరారపు పర్వతాలు అనే కుమ్మరి. అతని ఇంట బంగారం లేదు, వెండి లేదు. ఉన్నది మట్టి, చక్రం, ఆవము. ఆ భక్తుడు మట్టితో నందినీ, గుఱ్ఱాన్నీ, కోడినీ, గరుత్మంతునీ చేసి, కాల్చి, స్వామికి సమర్పించుకొనేవాడట. ఆలయ నిర్మాణ వేళ దొరికిన అలాంటి బొమ్మలు కొన్నింటిని అక్కడ భద్రపరిచారు. ఈనాడు ఆ స్వామికి వెండి పడగలు, కళ్లు సమర్పించే వేలాది భక్తులందరికీ తొలి మొక్కుబడిదారు ఒక కుమ్మరి. తొలి ముడుపు మట్టి కోడి!

శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజకు కూర్చున్నప్పుడు మీ చేతిలో చిన్న వెండి నాగ ప్రతిమలను ఉంచుతారు. పూజ ముగిశాక వాటిని స్వామికే సమర్పించి వస్తారు. ఆ క్షేత్రం పేరును ఒక్కసారి విడదీసి చూడండి. శ్రీ అంటే సాలెపురుగు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు. మనం జంతువుల బొమ్మలు తెచ్చి శివునికి ఇస్తుంటే, అక్కడ జంతువులే శివుని అర్చించి ముక్తి పొందాయి. సాలీడు గూడు అల్లింది, పాము మణులు తెచ్చింది, ఏనుగు జలమూ పత్రీ తెచ్చింది. ఆ ఆలయంలో పాము మన కానుక కాదు, మనకంటే ముందు వచ్చిన భక్తుడు. ఆ సంగతి మరువక వెండి నాగును చేతిలోకి తీసుకోండి.

మన సికింద్రాబాద్ చెప్పే పాఠం

ఇంత దూరం తిరిగాము కనుక ఇంటికి వద్దాం. ఉజ్జయినీ మహంకాళి అమ్మవారి చరిత్ర ఈ ఊరి పసిపిల్లలకు కూడా తెలుసు. సైన్యంలో డోలీ మోసే ఉద్యోగి సురిటి అప్పయ్య 1813లో బదిలీపై ఉజ్జయిని వెళ్లాడు. ఇక్కడ జంట నగరాల్లో కలరా చెలరేగి వందల ప్రాణాలు పోతున్నాయన్న వార్త ఆయనకు చేరింది. మహంకాళి సన్నిధిలో నిలిచి, తన ఊరు చల్లగా ఉంటే తల్లిని అక్కడ ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడు. 1815లో తిరిగి వచ్చి, అన్నమాట ప్రకారం కొయ్య విగ్రహాన్ని నిలిపాడు.

ఆలోచించండి. డోలీ మోసేవాడు బంగారం తూచలేదు, వెండి తేలేదు. ఆయన ఇచ్చినది మాట. రెండేళ్ల తరువాత వందల మైళ్లు నడిచి వచ్చి నిలబెట్టుకొన్నదీ ఆ మాటనే. ఆ మాట మీద రెండు శతాబ్దాలుగా ఆషాఢ బోనాలు నడుస్తున్నాయి. మొక్కు అంటే ఇదే. మొక్కు బరువు మాటలో ఉన్నది, లోహంలో లేదు.

ఆ బోనాల్లోనే మరొక మార్పునూ మన కళ్లతో చూశాము. ఒకనాడు అమ్మవారి గుడుల ముందు దున్నపోతులు తెగిన చోట్ల ఈనాడు గుమ్మడికాయ పగులుతున్నది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో దేవాలయ జంతుబలులను నిషేధిస్తూ 1950లోనే చట్టం వచ్చింది. అయితే చట్టం కంటే ముందు ఐతరేయం చెప్పిన దారి ఇదే: ప్రాణం నుంచి ధాన్యానికి, పశువు నుంచి ఫలానికి. అమ్మ అలిగిందా? ఏ ఏడూ అలగలేదు. బోనం ఎప్పటిలాగే అందుకుంటున్నది.

నేను చేసిన పొరపాటు

ఇంత శాస్త్రం చెబుతున్న నేను ఒకనాడు దానిని మరచిన సంగతి మీ ముందు ఒప్పుకోవాలి. చెప్పకపోతే ఈ వ్యాసం వ్రాసే అర్హత నాకు లేదు.

సుమారు ముప్పై ఏళ్ల క్రితం నగర శివారున క్రొత్తగా ఇళ్లు లేస్తున్న కాలనీలో ఒక గృహస్థు సంతానం కోసం నాగపూజ చేయించుకొన్నారు. మూడు తులాల జంట నాగుల ప్రతిమను భక్తితో సమర్పించారు. నెల తిరగకముందే ఆయన కంగారుగా వచ్చారు. ప్రహరీలోకి పాము వస్తే నలుగురూ చేరి కర్రలతో కొట్టి చంపారట. వర్ణన వింటే అది విషం లేని జెర్రిపోతు అని నాకు తెలిసిపోయింది. "దోషం చుట్టుకుంటుందా స్వామీ?" అని ఆయన కన్నీళ్ల పర్యంతమయ్యారు. ఆ దుఃఖం చూసి, ఓదార్చాలన్న తొందరలో నేను అన్న మాట ఇది: "భయపడకండి. మరో జంట నాగులు చేయించి వేయండి, శాంతి జరిపిద్దాం." వారం తిరగకుండానే తెచ్చి వేశారు. తేలికపడిన మనసుతో వెళ్లారు. నేనూ తేలికపడ్డాను.

మరుసటి వర్షాకాలం ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి కంగారు లేదు, కన్నీళ్లు లేవు. చేతిలో పసుపు గుడ్డ పొట్లం ఉన్నది. "నిన్న మళ్లీ ఒకటి వచ్చింది స్వామీ, కొట్టేశాం. ఇదిగో, వెండిది తెచ్చేశాను. ఈసారి ఒక తులం ఎక్కువే వేయించాను" అన్నారు.

ఆ పొట్లం అందుకోవడానికి నా చేయి ముందుకు రాలేదు. ఆయన తప్పు చేశారని కోపం రాలేదు. ఆ పాఠం చెప్పినవాడిని నేనే కదా! ప్రాణానికి మూడు తులాలని వెల కట్టినది నేను. ప్రాయశ్చిత్తంగా ఉండవలసిన ప్రతిమను జరిమానాగా మార్చినది నేను. జరిమానా కట్టగలవాడికి నేరం ఒక ఖర్చు మాత్రమే అవుతుంది. "దీనిని ఇంటికి తీసుకువెళ్లండి. మీ ఇంటికి వచ్చిన పామును ప్రాణంతో పంపించిన నాడు తెచ్చి వేయండి. ఆనాడు అర తులం అయినా చాలు" అని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. నమస్కరించి వెళ్లారు, మళ్లీ మా గుడికి రాలేదు. ఆ పొట్లం మరే హుండీలోనో పడి ఉంటుంది. తొలిసారే ఆ మాట చెప్పి ఉంటే, ఏడుస్తూ వచ్చిన ఆ మనిషి తప్పక విని ఉండేవారు. ఆ అవకాశాన్ని నేను పోగొట్టాను. నాగపంచమి వచ్చినప్పుడల్లా ఆయన కన్నీళ్లే గుర్తుకు వస్తాయి. ఆ కన్నీళ్లు ధర్మం. వాటిని తుడిచి, ఆ స్థానంలో వెండిని పెట్టాను.

ప్రతిమ వేసే ముందు, వేసిన తరువాత

అందువల్ల అనుభవంతో నాలుగు మాటలు మనవి చేస్తాను.

బరువు గురించి బెంగ వద్దు. శక్తి ఉన్నవారు వెండిది చేయించండి. లేనివారు పసుపుతోనో, బియ్యపు పిండితోనో, పుట్టమన్నుతోనో నాగును చేసి పూజించండి, లోపం లేదు. అప్పు చేసి వెండి కొనడం మాత్రం లోపమే. కొనేవారు అసలు వెండియేనా అని అడిగి కొనండి. జర్మన్ సిల్వర్ అనే మాట విని మోసపోవద్దు. అది రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం, అందులో వెండి ఉండదు. తెలిసి వేస్తే దోషం లేదు. వెండి అని చెప్పి దేవుని ముందు పెడితే అది అసత్యం.

పాము పాలు త్రాగే ప్రాణి కాదు. అది మాంసాహారి, పాలు దానికి జీర్ణం కావు. పంచమి నాడు బుట్టలో తెచ్చి చూపించే పామును రోజుల తరబడి దాహంతో మాడ్చి ఉంచితేనే అది ఏ ద్రవంలోనైనా మూతి పెడుతుంది. అలా పట్టి, కోరలు పీకి, మూతి కుట్టి ఆడించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ధర్మశాస్త్రం ప్రకారం అంతకంటే పెద్ద నేరం. ఆ బుట్టలో రూపాయి వేయకండి. నాగశిల మీద ఒక్క ఉద్ధరిణెడు పాలు పోయండి. మిగిలిన పాలు పాలకు నోచుకోని పసిపిల్లకు ఇవ్వండి. ఆ నివేదన నాగేంద్రునికి చేరుతుంది.

ఇంటికి పాము వస్తే కర్ర తీయకండి, దగ్గరకూ వెళ్లకండి. పిల్లలను దూరంగా ఉంచి, అది ఏ మూలన ఉన్నదో దూరం నుంచి కనిపెట్టి ఉండండి. మన జంట నగరాల్లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ సభ్యులు వచ్చి పామును పట్టి అడవికి చేరుస్తారు. అటవీ శాఖ వారికి చెప్పినా సహాయం అందుతుంది. ఎవరినైనా పాము కరిస్తే మంత్రగాని కోసం వెదకక, క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకువెళ్లండి. ఈ మాట మంత్రం చదువుకొన్న నేనే చెబుతున్నాను.

గోవు ప్రతిమ ఇచ్చినవారికి మరొక మాట. అపరకర్మలలో గోదానానికి బదులుగా వెండి గోవును ఇస్తున్నాము. మంచిదే, ఫ్లాట్లలో ఉండేవారు నిజమైన గోవును ఎక్కడ తెస్తారు? కానీ అదే సాయంత్రం మిగిలిన అన్నాన్ని ప్లాస్టిక్ కవరులో ముడి వేసి వీధిలో విసిరితే, ఆ ముడి విప్పుకోలేని గోవు కవరుతో సహా మింగుతుంది. కవరు దాని కడుపులో ఉండిపోతుంది. ఇచ్చిన గోదానం ఒక చేత, తీసిన గోప్రాణం మరొక చేత! వెండి గోవును ఇచ్చిన చేయి ప్లాస్టిక్ ముడి వేయకూడదు.

వీటన్నింటి సారం ఒక్కటే. ప్రతిమను సమర్పించే ముందు సంకల్పంలో మనసులోనే ఒక వాక్యం కలుపుకోండి: 'ఈ రూపం గల ప్రాణికి నా వల్ల హాని కలుగదు'. జనమేజయుని సర్పయాగంలో సర్పజాతి మాడిపోతున్నప్పుడు ఆస్తీకుడు అడిగిన వరం ఇదే కదా, ఇక చాలు, ఆపమని. ఆ యాగం ఆగిన రోజే పంచమి అని పెద్దలు చెబుతారు. కనుక నాగపంచమి నిజానికి అభయమిచ్చిన రోజు. వెండి నాగు ఆ అభయపత్రం మీద మనం వేసే ముద్ర.

సగం బంగారమైన ముంగిస

చివరగా మీకు తెలిసిన కథనే గుర్తు చేస్తాను. భారతంలో ధర్మరాజు అశ్వమేధం ముగిసింది. బంగారం వరదలై పారింది. అప్పుడు తల, సగం దేహం బంగారమైన ముంగిస ఒకటి యజ్ఞశాలలోకి వచ్చి పొర్లి, ఈ యజ్ఞం కురుక్షేత్రంలోని పేద బ్రాహ్మణుని పేలపిండికి సాటి రాదని పలికింది. కరవు కాలంలో ఉంఛవృత్తితో దొరికిన కొద్ది పిండిని నలుగురూ పంచుకోబోతున్న వేళ అతిథి వచ్చాడు. భర్త, భార్య, కొడుకు, కోడలు వరుసగా తమ వంతులు ఇచ్చివేశారు. అక్కడ నేల మీద చిందిన రేణువులలో పొర్లిన ముంగిసకు సగం ఒళ్లు బంగారమైంది. మిగిలిన సగం కోసం అది ఎన్నో యజ్ఞశాలలు తిరిగింది. చక్రవర్తి యజ్ఞంలోనూ అది బంగారం కాలేదు.

మనమందరం బంగారంతో, వెండితో జంతువును చేయించి దేవునికి ఇస్తున్నాము. ఆ కథలో మాత్రం ఏ కంసాలీ లేకుండా, ఆకలిని ఓర్చి ఇచ్చిన పిడికెడు పిండి ఒక సజీవమైన జంతువును బంగారం చేసింది. ఆ ముంగిస ఈనాటికీ తన రెండవ సగం కోసం తిరుగుతూనే ఉన్నదనుకోండి. రేపు పంచమి నాడు మీ వాకిట్లోకి వస్తే దానికి ఏమి దొరుకుతుంది? మీ పూజగదిలోని వెండి పడగ దానిని మెరిపించలేదు. మీ ప్రహరీ దాటి, ప్రాణంతో, నెమ్మదిగా గడ్డిలోకి జారిపోయిన పాము జాడ మీద అది పొర్లిందనుకోండి, అప్పుడు దాని ఒంటి మీద ఒక్క వెంట్రుకైనా బంగారం కావచ్చు.

ఆ ఒక్క వెంట్రుక చాలు. మీ మొక్కు చెల్లినట్టే. స్వస్తి.